వేలిముద్రలు లేని ఊరు

మొన్నమొన్నటిదాకా మా కుంకుళ్లపాడులో మనుషులకి వేళ్లున్నాయి గానీ వేలిముద్రలు లేవు. ఇది నేను కల్పించి చెబుతున్న మాట కాదు, గవర్నమెంటు రికార్డు. అనుమానముంటే బస్సు దిగగానే ఊరి మొదట్లో పసుపు రంగు బోర్డు ఇప్పటికీ కనిపిస్తుంది, చదువుకోండి: ‘వేలిముద్ర రహిత గ్రామం’.

ఆ బోర్డుకి కారకుణ్ణి నేనే. నా పేరు గురవయ్య, రిటైరైన పంతుల్ని. పద్దెనిమిదేళ్ల కిందట ఊళ్లో రాత్రి బడి పెట్టి, సంతకం రాని ప్రతి మనిషి చేతా పలక పట్టించాను. బడికి రామని మొండికేసినవాళ్ల అరుగుల మీద కూర్చుని, పలక పట్టేదాకా వాళ్లింటి కాఫీ తాగాను. కాఫీపొడి ఖర్చుకి తట్టుకోలేక కొందరు చదువుకున్నారు. ఎలా చదివితేనేం, చదివారు.

అప్పుడు జిల్లా నుంచి పెద్దలొచ్చి సభ పెట్టారు. ఊళ్లో ఉన్న ఇంకు ప్యాడ్లన్నీ పోగేసి తగలబెట్టారు. “ఇక జన్మలో వేలు పెట్టం” అని ఊరంతటి చేతా ప్రమాణం చేయించారు. ఆ మర్నాటి నుంచీ పక్కింటి తగాదాల్లో కూడా ఎవరూ వేలు పెట్టలేదు. మాట మీద నిలబడే ఊరు మాది.

అంత గొప్ప ఊరికి ఒకే ఒక్క లోటు, బ్యాంకు. అది పదహారు కిలోమీటర్ల అవతల మండలం సెంటర్లో ఉంది. ప్రతి నెలా మా ఊరి పింఛనుదారులు నలభై ముగ్గురూ ఆటోల్లో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వెళ్లి, అక్కడ ఫారాల మీద చక్కగా సంతకాలు పెట్టి, డబ్బు తెచ్చుకుని, నడుములు పట్టుకుని దిగేవాళ్లు.

ఈ అవస్థ చూసి కోటిరత్నానికి ఒక ఆలోచన వచ్చింది. కోటిరత్నం మా వీధి చివర జాకెట్లు కుట్టే మనిషి. పదో తరగతి పాసైంది. మొగుడు పోయాడు, బడికెళ్లే పిల్లలిద్దరు. ఈ రెడీమేడ్ జాకెట్లొచ్చాక ఆమెకి పని తగ్గిపోయింది. ఊళ్లో మినీ బ్యాంకు పెడితే ఎలా ఉంటుందని కనుక్కుంది. పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు, అరచేతిలో పట్టే మిషను ఒకటి. వచ్చినవాళ్ల ఆధార్ నంబరు అందులో కొట్టి, వేలు పెట్టిస్తే, ఖాతాలో డబ్బు కోటిరత్నం చేతుల మీదుగా వాళ్లకి అందుతుంది. బ్యాంకు ఆమెకి కమీషనిస్తుంది.

మనిషికి తొందరెక్కువ. మంజూరు రాకముందే కుట్టుమిషను అమ్మేసి, పాలకేంద్రం పక్క గది అద్దెకి తీసుకుని, సున్నం కొట్టించి, ‘కోటిరత్నం మినీ బ్యాంకు’ అని బోర్డు కూడా రాయించింది. నెలాఖరులోగా మంజూరైతే సరే, కాకపోతే ఆ అవకాశం పక్కనున్న వల్లూరివారిపాలేనికి వెళ్లిపోతుంది. ఇక కోటిరత్నానికి సూదీ ఉండదు, మిషనూ ఉండదు.

“మాస్టారూ, దరకాస్తు మీరే రాయాల. మీ చేత్తో రాస్తే తిరుగుండదు” అంది వచ్చి.

నిజమే కదా అనుకున్నాను. అదే నా ఖర్మ. రెండు పేజీలు రాశాను. ఎక్కడా కొట్టివేత లేదు. అంతా అయ్యాక, చివర కొంచెం ఖాళీ మిగిలింది. ఖాళీ చూస్తే ఊరుకోలేను. “మా గ్రామము జిల్లాలోనే ప్రప్రథమ వేలిముద్ర రహిత గ్రామమని సగర్వంగా మనవి చేయుచున్నాము” అని ఒక వాక్యం తగిలించి, కింద గీత కూడా గీశాను.

పది రోజులకి సర్వజన సమృద్ధి బ్యాంకు నుంచి జవాబొచ్చింది. కోటిరత్నం దాన్ని పట్టుకుని మా ఇంటికి వచ్చి, నిలబడే చదివింది.

“సదరు గ్రామము వేలిముద్ర రహితమని దరఖాస్తుదారు తామే అంగీకరించియున్నందున, వేలిముద్రలు లేని చోట వేలిముద్ర యంత్రము నెలకొల్పుట వనరుల దుర్వినియోగమగునని భావించి, దరఖాస్తు తిరస్కరించడమైనది.”

“రహితం అంటే ఏంది మాస్టారూ?”

“లేకపోవడం.”

“ఏంది లేకపోవడం?”

“వేలిముద్రలు.”

కోటిరత్నం తన బొటనవేలు ఒకసారి చూసుకుంది. నా మొహం ఒకసారి చూసింది. “ఆ ముక్క రాయమని మిమ్మల్నెవురు అడిగారు మాస్టారూ?” అంది.

*

ఇద్దరం బ్యాంకుకి వెళ్లాం. మేనేజరు త్రివిక్రమరావు గారు చాలా మర్యాదస్తుడు. మంచినీళ్లిప్పించి, కుర్చీలు వేయించి, ఆ తర్వాత కుదరదన్నాడు.

“చూడండి మాస్టారూ, మా విధానం అవసర ఆధారితం. వేలిముద్రలున్న గ్రామానికి యంత్రం. లేని గ్రామానికి అభినందన. మీకు అభినందన పత్రం కూడా జత చేశాం, అందిందా?”

“అభినందనతో పింఛన్లు రావు సార్” అంది కోటిరత్నం. ఊరుకోక, ఆయన టేబుల్ మీదున్న అద్దం పైన తన బొటనవేలు గట్టిగా అదిమి తీసింది. గీతలతో సహా స్పష్టంగా పడింది. “ఇదేంది సార్ మరి?”

త్రివిక్రమరావు గారు కళ్లజోడు సవరించుకుని, వంగి చూసి, జేబురుమాలుతో తుడిచేశాడు.

“ఇది మరకమ్మా. ముద్ర అనాలంటే దానికి గుర్తింపు ఉండాలి. మీ ఊళ్లో వేలిముద్రలు ఉన్నాయని విద్యాశాఖ వారు ధ్రువీకరిస్తే మాకు అభ్యంతరం లేదు. అదీ రాతపూర్వకంగా ఉండాలి.”

*

వయోజన విద్యా కార్యాలయం ఆ సెంటర్లోనే ఒక మెడికల్ షాపు మేడ మీద ఉంది. సహాయ సంచాలకులు శేషాచలపతి గారు మా కథంతా కళ్లు మూసుకుని విన్నారు. నిద్రపోతున్నారేమో అనుకున్నాను గానీ, ఆయన ఆలోచన అలాగే చేస్తారట.

“సార్, జనానికి వేళ్లున్నాయి. వేళ్లకి ముద్రలున్నాయి. ఆ సంగతి ఒక కాగితం మీద రాసిస్తే చాలు” అన్నాను.

“ఇక్కడే పొరపడుతున్నారు” అన్నారాయన కళ్లు తెరిచి. “లోకంలో ‘వాడొట్టి వేలిముద్ర’ అంటాం. అంటే ఏమిటి? చదువు రానివాడని. కనుక మా శాఖ నిర్వచనం ప్రకారం వేలిముద్ర అనేది వేలికి సంబంధించిన విషయం కాదు. బుర్రకి సంబంధించిన విషయం. మీ ఊళ్లో ఒక్క నిరక్షరాస్యుడైనా ఉన్నట్టు తేలితే తప్ప రహితత్వం రద్దు కాదు.”

“మా ఊళ్లో అందరికీ చదువొచ్చు సార్. నేనే చెప్పాను.”

“అదే మరి మీరు చేసిన పని” అన్నారాయన జాలిగా. “అయినా దారి లేకపోలేదు. నిరక్షరాస్యతా నిర్ధారణ పరీక్ష నిర్వహిస్తాం. సున్నా వస్తే ఉత్తీర్ణత. ఒక్క మార్కు వచ్చినా ఫెయిలు. అభ్యర్థుల్ని మీరు తయారు చేసుకోవాలి. వచ్చే సోమవారం.”

దార్లో కోటిరత్నం, “సున్నాకి తయారవడం ఏం కష్టం మాస్టారూ? మా వాడు ఏటా తెచ్చుకుంటానే ఉండాడు లెక్కల్లో” అంది. ఆమె ధైర్యం అది.

*

నలభై ముగ్గురు పింఛనుదారుల్నీ మా అరుగు మీదకి పిలిపించాను. నా ముప్పై మూడేళ్ల సర్వీసులో అంత కష్టమైన పాఠం చెప్పలేదు. పలక మీద ‘అ’ రాసి ఎత్తి చూపించాను.

“ఇదేంది?”

“అ!” అన్నారు నలభై ముగ్గురూ, వీధి చివరిదాకా వినబడేలా.

“కాదయ్యా! తెలవదు అనాల!”

“తెలవదు!”

‘ఆ’ రాసి చూపించాను. “ఇదేంది?”

“తెలవదూ!” అన్నారు, దీర్ఘం తీసి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక పక్క ఒళ్లు మండిపోతోంది, ఇంకో పక్క ఛాతీ పొంగిపోతోంది. చెప్పిన చదువు ఇంత గట్టిగా అంటుకుంటుందని ఏ పంతులికి తెలుసు?

అందర్లోకీ నాగేంద్రమ్మతో నాకు చావొచ్చి పడింది. డెబ్బై దాటిన మనిషి. చదువొచ్చిన దగ్గర్నుంచీ బజ్జీలు కట్టిన కాగితం చదవందే బజ్జీ నోట్లో పెట్టదు. పలక చూపిస్తే చాలు, పెదాలు వాటంతటవే కదులుతాయి.

“మూయి నాగేంద్రమ్మా, నోరు మూయి! నీ మూలంగా కోటిరత్నం కొంప మునిగేట్టుంది!” అని అరిచాను.

“ఎట్టా మూసేది?” అని ఆమె నా మీదకి లేచింది. “ఆ రోజున రాయడం రాలేదని తిడితిరి. ఈ రోజున మర్చిపోవడం రాలేదని తిడతన్నారు. మీకు తిట్టడానికి ఏదో ఒకటి కావాలంతే!”

అందరూ నవ్వారు. నేను పలక దించేశాను.

*

సోమవారం స్కూల్లో పరీక్ష. శేషాచలపతి గారే స్వయంగా వచ్చారు. మొదటి చిక్కు హాజరు పట్టీ దగ్గరొచ్చింది. సంతకం పెడితే అక్షరాస్యుడని తేలిపోతుంది, పరీక్షకి అనర్హత. వేలు వేద్దామంటే రహితత్వం ఇంకా రద్దు కాలేదు, నేరం. ఆయన చాలాసేపు కళ్లు మూసుకుని, చివరికి అందరి చేతా తలలాడించి, ‘తలాడింపు ద్వారా హాజరు’ అని రాసుకున్నారు.

ప్రశ్నపత్రం పంచారు. ఒకటే ప్రశ్న: “మీకు చదవడం వచ్చునా? రానిచో ఈ ప్రశ్నను వదిలివేయండి.”

నేను కిటికీ అవతల నిలబడి చూస్తున్నాను. నా పక్కన కోటిరత్నం. లోపల ఒక్కరూ కలం కదపలేదు. నాగేంద్రమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది. అంతా బాగానే జరుగుతోంది అనుకుంటుండగా, ఆఖరి బెంచీలో చెంచయ్య కలం తీశాడు. రాశాడు. రాసి గీత గీశాడు.

“ఓరి నీ దుంప తెగ!” అన్నాను.

చెంచయ్య ‘వచ్చును’ అని రాశాడు. బయటికొచ్చాక అడిగితే, “నా మనవరాలు కిటికీలోంచి చూస్తా ఉంది మాస్టారూ. దాని ముందు రాదని ఎట్టా ఊరుకునేది?” అన్నాడు.

అయినా మిగతా నలభై రెండూ తెల్ల కాగితాలేగా అని మేము ధైర్యంగా ఉన్నాం. సాయంత్రం శేషాచలపతి గారు ఫలితాలు చదివారు.

“నలభై రెండు మంది ప్రశ్నను వదిలివేశారు. వదిలివేయమని పత్రంలో ఉంది. అనగా సూచనను చదివి, అర్థం చేసుకుని, పాటించారు. నూటికి నూరు మార్కులు. చెంచయ్య అనే అభ్యర్థి ప్రశ్నకు సరైన సమాధానం రాశారు. వారికీ నూటికి నూరు. గురవయ్య గారూ, మీ కృషి అపూర్వం. అందరూ ఫెయిలు.”

కోటిరత్నం అక్కడే మెట్టు మీద కూలబడిపోయింది. నెలాఖరుకి మూడు రోజులే ఉన్నాయి.

*

జీపెక్కబోతూ శేషాచలపతి గారు ఆగారు. ఆయనా మనిషే, జాలి కలిగినట్టుంది.

“నిబంధనావళిలో ఇంకొక అంశం ఉంది. ఉన్న చదువు పోకపోతే, అసలు ఆ చదువు ఇవ్వబడనే లేదని నిరూపించవచ్చు. నాటి బోధకుడు నిరక్షరాస్యుడని తేలిందనుకోండి. చదువు రానివాడు చెప్పిన చదువు చెల్లదు. అందుకు బోధకుడు ‘నాకు చదువను వ్రాయను రాదు’ అని ప్రమాణపత్రం మీద వేలిముద్ర వేస్తే చాలు.”

“నాటి బోధకుడంటే?” అంది కోటిరత్నం.

ఆయన నావైపు చూసి, మొహం తిప్పుకుని, జీపెక్కారు.

మా గుమ్మం దగ్గర కోటిరత్నం, “ఆ పని చెయ్యబాకండి మాస్టారూ. మీ నోటితో మీకు చదువు రాదని చెప్పిచ్చి, నేను బతకాల్నా? మినీ బ్యాంకు లేకపోతే పాయె, ఇడ్లీలేసుకుంటా” అంది.

“ఇడ్లీ పాత్రుందా నీ దగ్గర?”

“కొనాల.”

ఆమె వెళ్లిపోయింది. నాకు నిజంగా సిగ్గేసింది. ఎవరూ అడగని ఒక్క వాక్యం, కింద గీతతో సహా రాసింది నేను. కుట్టుమిషను పోగొట్టుకుంది ఆమె. అయినా, పంతుల్ని పట్టుకుని చదువు రాదని ఒప్పుకోమంటే ఎలా? వంటవాణ్ణి పట్టుకుని తిండి తినడం రాదని ఒప్పుకోమన్నట్టుంది. అలా అనుకుంటూనే పొద్దున మొదటి బస్సెక్కాను.

వయోజన విద్యా కార్యాలయంలో ఇంకు ప్యాడు నిషేధం, కనక లేదు. కింద మెడికల్ షాపువాడి రబ్బరు స్టాంపు ప్యాడు తెప్పించారు. ప్రమాణపత్రం టైపు చేసి ముందే సిద్ధంగా ఉంచారు. నా బొటనవేలికి ఇంకు అంటడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. వేలేశాను. ఊదారంగు ముద్ర పడింది. శేషాచలపతి గారు లేచి నిలబడి, కుంకుళ్లపాడు రహితత్వం రద్దయిందని ప్రకటించి, నాకు సంతాపం తెలిపారు.

ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకి పరుగెత్తాను. త్రివిక్రమరావు గారు చదివి సంతోషించాడు.

“శుభం. మీ ఊళ్లో ప్రస్తుతం ఒక వేలిముద్ర ఉంది. మీది. కానీ మినీ బ్యాంకుకి కనీసం నలభై ఉండాలి. ఒక్క బొటనవేలి మీద బ్యాంకు నిలబడదు కదా మాస్టారూ?”

ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్కడే ఆయన టేబుల్ అద్దం మీద పదివేళ్లూ పెట్టి మరకలు చేసి వచ్చేశాను. అంతకన్నా ఏం చెయ్యగలను?

*

ఊళ్లోకి వార్త నాకన్నా ముందే వెళ్లింది. మాస్టారు వేలేశాడని. మధ్యాహ్నం నుంచి ఎవరూ నన్ను పలకరించలేదు. మర్యాదకి ఊరుకున్నారనుకున్నాను.

నెలాఖరు రోజు. పొద్దున్నే కోటిరత్నం వచ్చి, “పదండి మాస్టారూ” అంది. వీధిలో ఆరు ఆటోలున్నాయి. నలభై ముగ్గురూ ఎక్కి కూర్చున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కాగితం. నేనెంత అడిగినా వాటిలో ఏముందో కోటిరత్నం నాకు చూపించలేదు.

కార్యాలయం మెట్ల మీద వరస కట్టారు. ఒక్కొక్కరూ కాగితం ఇచ్చి, మెడికల్ షాపు ప్యాడు మీద వేలద్ది, ముద్ర వేశారు. సంతకం కోసం నేను మూడు నెలలు వెంటపడిన వాళ్లు, ఈ పనికి మూడు నిమిషాలు తీసుకున్నారు. శేషాచలపతి గారు కాగితాలన్నీ ముందేసుకున్నారు. అన్నిటిలో ఒకే మాట: ‘నేను నిరక్షరాస్యుడను, నాకు చదువను వ్రాయను రాదు.’ ఆడవాళ్లయితే ‘నిరక్షరాస్యురాలను’.

“ఇవి ఎవరు రాశారు?” అన్నారాయన.

“మేమే!” అంది నాగేంద్రమ్మ, గొప్పగా.

నేను నుదురు కొట్టుకున్నాను.

“రాయడం రాదని మీరే రాస్తే, రాయడం వచ్చినట్టే కదా” అన్నారాయన, కళ్లు మూసుకోబోతూ.

“ఆగండి సార్” అని కోటిరత్నం ముందుకొచ్చింది. “వీళ్లకి ఈ చదువు చెప్పిందెవరు? మా మాస్టారు. మాస్టారికి చదువు రాదని మొన్న స్టాంపేసి ఇచ్చిందెవరు? తమరు. చదువు రానాయన చెప్పింది చదువెట్టా అవుద్ది? ముగ్గేసినట్టు గీతలు గీశారు, అంతే.”

శేషాచలపతి గారు కళ్లు మూసుకున్నారు. మళ్లీ తెరిచి, “సమంజసం. సదరు గీతలు అక్షరములను పోలియున్నవే గాని అక్షరములు కావు” అని అంటూనే రాసుకున్నారు. కోటిరత్నం ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు ఆయన ఒక కాగితం తీసి, మెల్లిగా నావైపు జరిపారు.

“ఒక్క చివరి పరిశీలన. గురవయ్య గారూ, ఇందులో ఏముంది?”

చూశాను. చెంచయ్య కాగితం. గుండ్రటి దస్తూరీ, తలకట్లన్నీ ఎక్కడివక్కడ. కానీ రెండో మాట దగ్గర నా చూపు ఆగింది. ‘నిరక్షరాశ్యుడను’ అని రాశాడు వెధవ. ‘స్యు’కి బదులు ‘శ్యు’! ఆ రెండు ‘స’ల తేడా వాడికి ఎన్నిసార్లు చెప్పాను! నా చెయ్యి దానంతటదే జేబులోని ఎర్ర కలం దగ్గరికి వెళ్లింది. మూత కూడా తిరిగింది.

తలెత్తాను. కోటిరత్నం నా చేతివైపు చూస్తోంది.

“తెలవదండీ” అన్నాను.

ఆయన స్టాంపు కొట్టారు. సాయంత్రం నాలుగింటికల్లా త్రివిక్రమరావు గారు నలభై నాలుగు వేలిముద్రలకి మిషను మంజూరు చేశాడు. కోటిరత్నం మినీ బ్యాంకు ఇప్పుడు పొద్దున ఎనిమిదింటికి తెరిస్తే చీకటి పడేదాకా జనం తెగరు. కిందటి వారం ఆమె పిల్లలిద్దరికీ కొత్త బూట్లు కొంది. అంతా బాగుంది. ఆ ‘శ్యు’ మాత్రం మెడికల్ షాపు మేడ మీద ఫైల్లో అలాగే ఉంది.